పెరటి మామిడిలో తొలిచే పురుగు: నూజివీడు నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

అక్టోబర్ నాలుగో వారం

మామిడి మొదట్లో పొట్టు పడి ఉంది. ఊడ్చేశాను. మర్నాడు మళ్ళీ పడింది.

మావారు చూసి చెదలు అన్నారు. చెదలైతే బెరడు మీద మట్టి పూసుకుంటూ పైకి పాకుతాయి, ఆ మట్టిని గోటితో గీకితే లోపల తెల్లగా కదులుతాయి. పొట్టు రాల్చవు. ఇక్కడ మట్టి ఎక్కడా లేదు. పడింది తడిగా, ఎర్రటి గోధుమరంగులో, తురిమిన కొబ్బరిలా పోగులు పోగులుగా ఉంది. పైకి వెతుక్కుంటూ పోతే మొదటి పంగకి కొంచెం కింద, బెరడు చీలిన చోట చిన్న కన్నం, దాని కింద నల్లటి బంక కారిన చార. పడమటి కొమ్మ ఆకులు కొద్దిగా పసుపు తిరిగాయి. ఎండలకి అలా అయ్యుంటుందని వేసవి నుంచీ అనుకుంటూనే ఉన్నాం.

ఇది కాండం తొలిచే పురుగు పని. శాస్త్రం పేరు బాటోసెరా రూఫోమాక్యులేటా. పొడుగు మీసాల పెంకు పురుగు బెరడు చీలికల్లో గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు చెక్కలోకి దిగి నెలల తరబడి లోపలే తింటూ సొరంగం తవ్వుతుంది. నమిలిన చెక్క, దాని పెంట కలిపి బయటికి తోస్తుంది. మామిడి ఒక్కటే కాదు, పనస, అత్తి, మునగ, బూరుగు చెట్లన్నా దీనికి ఇష్టమే. ఊరి చుట్టూ మామిడి తోటలున్న నూజివీడులో ఇది కొత్త చుట్టం కాదు. తోటల్లో రైతులు ఏటా చూసుకుంటారు. పెరటి చెట్టు సంగతే ఎవరికీ పట్టదు, కాయలు కోసేటప్పుడు తప్ప తలెత్తి చూడం.

మా పెరట్లో ఉన్నవి: మామగారు ఇల్లు కట్టించినప్పుడు నాటిన బంగినపల్లి, ఒక జామ, ఒక మునగ. గోడ అవతల పక్కింటివాళ్ళ కొబ్బరి. ఒకటి చెడితే మిగతావి కూడా చూడాలి కదా అని ఆ సాయంత్రమే అన్నీ తిరిగి చూశాను.

జామలో కూడా ఉంది. కానీ ఇది వేరే పురుగు. రెండు కొమ్మలు కలిసే పంగలో కన్నం, అక్కడినుంచి బెరడు మీద మెలికలు తిరుగుతూ పోయిన గోధుమరంగు పట్టీ. ముట్టుకుంటే మెత్తగా, గుడ్డపీలికలా ఊడి వచ్చింది. సన్నటి పట్టుదారంతో పెంటికలు, బెరడు ముక్కలు అతికించి అల్లిన గూడు అది. బెరడు తినే గొంగళి పురుగు, ఇందర్‌బెలా జాతి. పెద్దదైతే రెక్కల పురుగు అవుతుంది, పెంకు పురుగు కాదు.

మునగ కొమ్మలో ఒకటి ఎండిపోయింది. దాని అడుగున అచ్చంగా గుండ్రటి కన్నం, కింద పసుపు పొడి. దీని గురించి కంగారు పడక్కర్లేదు. నల్లటి పెద్ద తుమ్మెద ఎండు చెక్కలో గూడు చేసుకుంటుంది, బతికున్న చెట్టుని పాడుచేయదు. పైగా పూలకి పరాగం మోసేది అదే. దాన్ని దాని మానాన వదిలేశాను.

నవంబర్ మొదటి వారం: జామ

తేలికైనదానితో మొదలుపెట్టాను.

బెరడు తినే పురుగు పగలు కన్నంలో దాక్కుని రాత్రిపూట ఆ గూడు కిందనుంచే వచ్చి బెరడు గీక్కుని తింటుంది. భోజనాలయ్యాక టార్చి పట్టుకుని వెళ్ళి పట్టీని ఒక చివరినుంచి మెల్లగా ఎత్తాను. మురికి గోధుమరంగు పురుగు, వెలుగు పడగానే కన్నంలోకి వెనక్కి జారిపోయింది. ఆ వేగం చూస్తే చేత్తో పట్టుకునే పని కాదని తెలిసిపోతుంది.

మర్నాడు పొద్దున కొబ్బరి పీచుతో గూళ్ళన్నీ రుద్ది తీసేశాను. ఈ రుద్దడం ముఖ్యం. పాత గూడు ఉంచేస్తే లోపల పురుగు ఉందో చచ్చిందో చెప్పలేం. తర్వాత ప్రతి కన్నంలోకి సైకిల్ చువ్వ దూర్చి, తగిలేదాకా పోనిచ్చి తిప్పాను. ఈ పురుగు సొరంగం పొట్టిగానే ఉంటుంది, పెద్దగా వంకర్లు పోదు, అందుకే చువ్వ సరిపోతుంది. చివరికి తడి అంటుకుని వస్తే పని అయినట్టు. పైన బంకమట్టి మెత్తి మూసేశాను.

పాత పద్ధతిలో అయితే కిరోసిన్‌లో ముంచిన దూది కుక్కి మట్టి మెత్తుతారు. కిరోసిన్ ఇప్పుడు దొరకడమే గగనం, అది లేదని కొందరు పెట్రోలు వాడుతున్నారు. ఇంటి గోడకి ఆనుకున్న చెట్టులో పెట్రోలు దూది పెట్టడం నాకు నచ్చలేదు. చువ్వ నేరుగా పురుగుకి తగిలినప్పుడు దూదితో పనే లేదు.

వారం తర్వాత చూస్తే ఒక్క పంగలో కొత్త పట్టీ అల్లుకుంది. మళ్ళీ రుద్ది, మళ్ళీ చువ్వ. జామ సంగతి దాదాపు ఇంతే.

నవంబర్ మూడో వారం: మామిడి, అసలు పని

మామిడిలో మొదటి చిక్కు, ఏ కన్నంలో పురుగు ఉందో తెలియకపోవడం. వెతికేకొద్దీ కన్నాలు దొరుకుతూనే ఉన్నాయి. కొన్ని ఎండి బూడిదరంగు తిరిగాయి, కొన్ని తడిగా ఉన్నాయి. అన్నిట్లోకీ వైరు దూర్చుకుంటూ పోతే చెట్టుకి మనం చేసే గాయాలే ఎక్కువవుతాయి.

అందుకని ఇలా చేశాను. సాయంత్రం కాండం మీద ఉన్న పొట్టునంతా పాత పెయింటు బ్రష్‌తో తుడిచేసి, ప్రతి కన్నం పక్కన సుద్దముక్కతో నంబరు వేశాను. మొదట్లో పాత న్యూస్‌పేపర్లు పరిచి రాళ్ళు పెట్టాను. పొద్దున్నే చూస్తే కథ తేలిపోయింది. చాలా కన్నాలు రాత్రంతా ఊరికే ఉన్నాయి. తాజా పొట్టు తోసినవి కొన్నే, అవన్నీ పంగ దగ్గరా, పడమటి కొమ్మ మొదట్లోనూ. బతికున్న పురుగు తింటూనే ఉంటుంది, తింటే తోయక తప్పదు. రెండు మూడు రాత్రులు ఇలా గమనించాకే వైరు చేతిలోకి తీసుకున్నాను.

ఇంకో గుర్తు కూడా ఉపయోగపడింది. బొటనవేలు దూరేంత గుండ్రటి కన్నం, అంచులు శుభ్రంగా ఉంటే, అందులోంచి పెద్ద పురుగు బయటికి ఎగిరిపోయినట్టే. అక్కడ వెతకడం దండగ. పొట్టు తోసే కన్నాలు చిన్నవి, అంచులు చిందరవందరగా ఉంటాయి, తడి కారుతుంటుంది. వడ్రంగి పిట్ట ఎక్కడ కొడుతోందో చూడటం కూడా మంచిదే, దానికి మనకన్నా బాగా తెలుసు.

సైకిల్ చువ్వ ఇక్కడ పనికిరాలేదు. ఈ సొరంగం ఎక్కువగా పైకి పోతుంది, పైగా వంపులు. గట్టి చువ్వ మొదటి వంపులోనే ఆగిపోతుంది. సైకిల్ బ్రేకు వైరు కొని, ఒక చివర పోగులు విడదీసి, ఒకదాన్ని చిన్న కొక్కెంలా వంచాను. ఇది వంపుల వెంట పోతుంది. మెల్లగా తోస్తూ, గట్టిగా తగిలితే ఒక చుట్టు తిప్పి, మళ్ళీ తోస్తూ. పురుగుకి తగిలితే చేతికి తెలుస్తుంది, చెక్క ఇచ్చే అదురు వేరు, అది వేరు.

మొదటి పురుగు వైరుతో రాలేదు. కన్నం చుట్టూ ఉలితో బెరడు కొంచెం విప్పాల్సి వచ్చింది. సుత్తి పిడితో తట్టి, డొల్ల శబ్దం వచ్చిన చోటే విప్పాను, గట్టి బెరడు జోలికి పోలేదు. బెరడు కింద వెడల్పాటి దారి, నిండా కుక్కిన పొట్టు, దాన్ని తోడేస్తే చివర్న అదీ. మీగడరంగు పురుగు, నా చూపుడువేలంత పొడుగు, అంతకన్నా లావు. కాళ్ళు లేవు. ముందు భాగం వెడల్పు, తల ముదురు గోధుమరంగు, నల్లటి గట్టి దవడలు.

అత్తయ్యగారు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు.

"అమ్మాయ్, ఇంత పురుగు ఇన్నాళ్ళూ మన చెట్టులో ఉందా?"

"ఇదొక్కటే కాదత్తయ్యగారూ."

"కోళ్ళకి వెయ్యి. ఊరికే పారెయ్యకు."

పక్కవీధి కోళ్ళకి ఆ వారమంతా విందు.

నవంబర్ చివర: పురుగుమందుల షాపు

వైరుకి అందనివి రెండు మూడు మిగిలాయి, వాటికోసం పురుగుమందుల షాపుకి వెళ్ళాను. అక్కడ విన్నవి, నేను ఎందుకు వద్దన్నానో రాసి పెడుతున్నాను. ఇంట్లో చెట్టు ఉన్న ప్రతివాళ్ళకీ ఇవే చెబుతారు.

ముందు వచ్చిన మాట న్యువాన్, అంటే డైక్లోర్వాస్. సిరంజితో కన్నంలోకి ఎక్కించి మట్టి మెత్తమని చాలా పాత కరపత్రాల్లో ఇప్పటికీ ఉంటుంది. కానీ 2018లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబర్ 31 నుంచి దాని వాడకం పూర్తిగా ఆగిపోవాలి. ఎక్కడన్నా పాత సీసా దొరికితే అది దొరకకూడని సరుకు.

తర్వాత బిళ్ళలు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళ ముక్క కన్నంలో పెట్టి మూస్తే పురుగు చస్తుంది, అందులో అబద్ధం లేదు. తడి తగలగానే ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. అది పురుగుకే కాదు, మనిషికీ ప్రాణాంతకం, విరుగుడు లేదు. అందుకే మామూలు జనానికి అమ్మకూడదని నిబంధన ఉంది. మా పడకగది కిటికీ ఆ కొమ్మకి బారెడు దూరం. ఆలోచించడానికి ఏమీ లేదు.

కాండానికి క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు పూయమన్నారు. లోపల ఉన్న పురుగుకి బయటి పూత అందదు. చెట్టు కింద పిల్లలు ఆడతారు, పక్కనే బావి. అదీ వద్దన్నాను.

చివరికి తెచ్చింది బవేరియా బాసియానా పొడి. పురుగుల ఒంటి మీద పెరిగి వాటిని చంపే బూజు ఇది. బూజుకి తడి కావాలి, సొరంగంలో తడి ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి ఈ పనికి బాగానే కుదురుతుంది. ప్యాకెట్ మీద తయారీ తేదీ చూసి కొనాలి, ఇది ప్రాణం ఉన్న సరుకు, ఎండలో పెట్టి అమ్మేది కొనకూడదు. నీళ్ళతో జారుగా కలిపి, సూది తీసేసిన లావు సిరంజితో కన్నంలోకి ఎక్కించి, బంకమట్టితో మూశాను. ఒక జాగ్రత్త ఉంది. బవేరియా పెట్టిన కన్నం మీద బోర్డో పేస్టు, అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన పూత, పూయకూడదు. బోర్డోలో ఉండే రాగి బూజుల్ని చంపడానికే, అది మంచి బూజా చెడ్డ బూజా అని చూడదు.

బవేరియా పెట్టిన కన్నాల్లో పొట్టు ఆగిపోవడానికి రెండు వారాలు దాటింది. అంతకుముందు అదే కన్నాల్లో వైరు కూడా తిప్పాను కాబట్టి ఆ ఘనత దేనిదో విడదీసి చెప్పలేను. ఒక్కటే చేయమంటే మాత్రం వైరే చేస్తాను.

డిసెంబర్ రెండో వారం: కొమ్మ

పడమటి కొమ్మ గురించి ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. కొసల నుంచి ఎండుకుంటూ వస్తోంది, తట్టిన ప్రతిచోటా డొల్లగా మోగుతోంది. అత్తయ్యగారికి కొట్టించడం ఇష్టం లేదు, తియ్యటి కాయలు ఆ కొమ్మవేనని ఆవిడ నమ్మకం. మావారు చెట్టే తీసేద్దామన్నారు. నేను మధ్యలో.

చెట్లు కొట్టే పెద్దాయన్ని పిలిపించాం. ఆయన కొమ్మ చుట్టూ తిరిగి ఒక్క మాటే అన్నాడు: "ఇది పోయినట్టేనమ్మా, మొదలు గట్టిగా ఉంది, దాన్ని దక్కించుకోండి."

"ఒకేసారి కొట్టేయకండి బాబాయ్, మొదలు బెరడు చీలిపోతుంది" అన్నాను.

"నాకు చెప్తున్నావా" అన్నట్టు చూశాడు. అన్నట్టే చక్కగా కోశాడు. మొదలుకి అడుగు దూరంలో ముందు కిందివైపు మూడో వంతు రంపం వేశాడు. తర్వాత ఇంకొంచెం అవతల పైనుంచి కోస్తే కొమ్మ బెరడు లాక్కుపోకుండా పడింది. మిగిలిన మొండిని, కాండం దగ్గర ఉబ్బుగా ఉండే భాగాన్ని ముట్టుకోకుండా, దానికి ఆనించి తీశాడు. గాయం మూసుకుపోయే కండ అక్కడినుంచే పుడుతుంది, దాన్ని కోసేస్తే పుండు మానదు.

కోత ముఖం మీద సొరంగాలు కనిపించాయి, కొమ్మ మధ్య దాకా పోయాయి. కానీ మొదలు వైపు కోతలో చెక్క తెల్లగా, గట్టిగా ఉంది. ఆ గట్టి చెక్క చూశాక చెట్టు తీసేద్దామన్న మాట మావారు మళ్ళీ ఎత్తలేదు.

కోతకి బోర్డో పేస్టు. కొలత తేలిక: మైలుతుత్తం 100 గ్రాములు అర లీటరు నీళ్ళలో, పొడి సున్నం 100 గ్రాములు ఇంకో అర లీటరులో, విడివిడిగా కలిపి రెండిట్నీ మూడో పాత్రలో పోయాలి. ప్లాస్టిక్ బకెట్ లేదా మట్టిపాత్ర, ఇనుపది వద్దు. సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి మెరిసే ఇనుప కత్తి ఒక నిమిషం ముంచి తీస్తే చాలు. ఎర్రగా రాగి పట్టిందంటే ఇంకొంచెం సున్నం కావాలి. ఏ రోజుకి ఆ రోజే కలుపుకోవాలి, నిలవ ఉంచితే పనిచేయదు.

కొట్టిన దుంగల్ని పెరట్లో పేర్చి పెట్టడం మన అలవాటు. ఈ విషయంలో మాత్రం నేను గట్టిగా పట్టుబట్టాను. లోపలున్న పురుగు కొట్టిన దుంగలోనే ఎదిగి వానలకి బయటికి రాగలదు, వస్తే పక్కనే ఉన్న మామిడికే పోతుంది. అందుకని ఆ రోజే చీల్పించి, కనిపించిన పురుగుల్ని ఏరేసి, పుల్లలన్నీ సంక్రాంతిలోపు నీళ్ళపొయ్యిలో కాల్చేశాం.

జనవరి నుంచి ఏప్రిల్

రాయడానికి పెద్దగా లేదు. పూత వచ్చింది, కొమ్మ పోయిన వైపు ఖాళీగా కనిపిస్తోంది. వారానికోసారి కాండం చుట్టూ చూడటం, మొదట్లో ఊడ్చి శుభ్రంగా ఉంచడం, అంతే. ఊడ్చిన నేల మీదే కొత్త పొట్టు కనిపిస్తుంది. కోత అంచుల్లో కొత్త బెరడు చుట్టు తిరుగుతోంది. తూర్పు కొమ్మ మీద బదనిక (చెట్టు మీదే పెరిగి దాని సారం పీల్చే మొక్క) పట్టి ఉంటే, అది దిగిన చోటుకి కిందుగా కోయించాం. నీరసపడ్డ చెట్టునే పురుగు ముందు చూసుకుంటుంది.

కాండానికి సున్నం, జాజు కొట్టిద్దామా అని ఇంట్లో అడిగారు. కొట్టించాం. ఎండకి బెరడు పగలకుండా కాపాడుతుంది కాబట్టి మంచిదే. కానీ రంగు చూసి పురుగు భయపడి పారిపోతుందనే ఆశ మాత్రం పెట్టుకోలేదు.

ఇదే సమయంలో పక్కింటి కొబ్బరి మొవ్వులో ఆకులు విసనకర్రలా కత్తిరించినట్టు వచ్చాయి. అది కొమ్ము పురుగు. పేడకుప్పలో పుట్టి పెరిగి చెట్టెక్కుతుంది. పక్కింటి పిన్నిగారితో ముందు గోడవారగా ఉన్న పేడకుప్ప తిరగేయమని చెప్పాను. కొమ్ము పురుగు చేసిన గాయంలోంచే ఎర్రముక్కు పురుగు దిగుతుంది, అది దిగితే కొబ్బరి చెట్టు దక్కడం కష్టం. కుప్ప తిరగేస్తే తెల్లటి లావు పురుగులు బోలెడు. మళ్ళీ కోళ్ళకి విందు.

మే చివర నుంచి జూలై

ఇది అసలైన కాపలా కాలం. లోపల కోశస్థ దశ (పిల్ల పురుగు పెంకు పురుగుగా మారే దశ) ముగించుకున్న పెంకు పురుగులు తొలకరికి బయటికి వస్తాయి. పనికొచ్చే పని ఈ రోజుల్లోనే ఉంది, ఎందుకంటే ఒక్క ఆడపురుగు 200 గుడ్ల దాకా పెట్టగలదు.

అనుమానంగా ఉన్న పంగ చుట్టూ కిటికీకి కొట్టే ఇనుప జాలీ వదులుగా చుట్టి, కొబ్బరితాడుతో పైనా కిందా కట్టాను. నైలాన్ దోమతెర పెట్టలేదు, ఆ దవడలకి అది ఆగదు. మేకులు కొట్టలేదు, ఇంకో గాయం ఎందుకు.

జూన్‌లో మొదటి పెద్ద వాన పడ్డాక ఒక పొద్దున్న జాలీలో దొరికింది. రెండంగుళాల పొడుగు, బూడిదరంగు కలిసిన గోధుమరంగు, మెడ పలక మీద నారింజరంగు మచ్చలు రెండు, రెక్కల మీద పసుపు చుక్కలు, ఒంటికన్నా పొడవైన మీసాలు. పట్టకారుతో పట్టుకుంటే కీచుమని అరిచింది. నిజం చెప్పాలంటే అందంగానే ఉంది. సబ్బునీళ్ళ డబ్బాలో వేశాను. ఆ నెలలోనే వీధి దీపం కింద గోడ మీద ఇంకొకటి.

వారానికోసారి చూసే పని ఈ రెండు నెలలూ వారానికి మూడుసార్లు అయింది. కాండం కింది మీటరున్నర, పంగలు, పాత గాయాల అంచులు. ఆడపురుగు దవడలతో బెరడు మీద చిన్న గాటు పెట్టి అందులో గుడ్డు దూరుస్తుంది. ఆ గాటు తాజాగా ఉన్నప్పుడు కొద్దిగా తడి మెరుస్తుంది. చాకు మొనతో అక్కడే గీకేస్తే పని తేలిక, నెల ఆగితే ఉలి, రెండు నెలలు ఆగితే బ్రేకు వైరు.

కాయలు ఈసారి తక్కువ. అత్తయ్యగారు తూర్పు కొమ్మ కాయ కోసి రుచి చూసి, "ఇవీ బాగానే ఉన్నాయి" అన్నారు. అంతకుమించి ఒప్పుకోరు.

అక్టోబర్, మళ్ళీ

మళ్ళీ పేపర్లు పరిచి, సుద్దతో కొత్త నంబర్లు వేశాను. జామలో ఒక పంగలో చిన్న గూడు, రుద్దేశాను. మామిడిలో పాత కన్నాలన్నీ ఎండి ఉన్నాయి, బవేరియా పెట్టి మూసిన మట్టి అలాగే ఉంది. కొత్తది ఒకటి ఉంది, నేలకి జానెడు ఎత్తులో, ఉత్తరం వైపు, గడ్డి పెరిగి కప్పేసిన చోట. పొట్టు సన్నగా ఉంది, అంటే పురుగు ఇంకా చిన్నదే. చాకుతో అంగుళం లోతు విప్పగానే దొరికింది, చిటికెనవేలి గోరంత.

ఇప్పుడు మొదట్లో గడ్డి తీసి మూడడుగుల మేర నేల కనిపించేలా చేశాం. జాలీ విప్పి దులిపి అటక మీద పెట్టాను, మేలో మళ్ళీ కావాలి. తూర్పు తోట యజమాని మా గోడ పక్కనున్న ఎండు కలెక్టర్ రకం మామిడి చెట్టు కొట్టిస్తానని మాట ఇచ్చాడు, దుంగలు అక్కడే వదిలేయకుండా సంక్రాంతిలోపు తీసుకుపొమ్మని ఈ వారం మావారు వెళ్ళి చెప్పాలి.